ఒక గుక్కెడు కాఫీ కోసం

చింతామణి,
14 జూన్ 2025, శనివారం.

తమ్ముడు పురుషోత్తమ్‌కు అక్క సులోచన మనసారా దీవించి రాస్తున్న సంగతులు.

మేమిక్కడ కుశలం అని మొదలుపెట్టాలి గాని, మీ బావ ఆరోగ్యం తెలిసినవాడివి, ఆ మాట రాస్తే నమ్మవు. ఉన్నంతలో నిబ్బరంగా ఉన్నాం. బాగేపల్లిలో నువ్వు, మరదలు రూప, పిల్లలు చల్లగా ఉన్నారని తలుస్తాను.

మొన్న ఫోన్‌లో బాగా కోప్పడ్డావు. "బావకి కిడ్నీలు పోయి డయాలసిస్ చేయిస్తాంటే, ఈ వయసులో నీకు ఎస్ప్రెసో కాఫీ మెషిన్ కావాల్సొచ్చెనా అక్కా? ఊర్లో నవ్వుతాండారు" అన్నావు. నేను నోరు తెరిచేలోపే పెట్టేశావు. అందుకే కాగితం తీసుకున్నాను. ఇది చివరిదాకా చదవాలి.

మీ బావ కాఫీ ఎట్లా తాగేవారో నీకు తెలుసు. అంగడి తలుపు తీయకముందు ఒక లోటా, మధ్యాహ్నం బేరం తగ్గాక ఇంకో లోటా. ఇప్పుడు దినమంతటికీ ఆయన తాగదగిన కొద్దిపాటి నీళ్లు పొద్దున్నే ఒక సీసాలో పోసిపెడతాను. మాత్ర మింగినా, మజ్జిగ తాగినా అందులోంచే తగ్గించాలి. చిక్కబళ్లాపురంలో డాక్టరమ్మ చిన్న కప్పు కాఫీ పరవాలేదు, అదీ లెక్కలో వేయండి అన్నది. ఆ కొలతకు ఫిల్టర్ కాఫీ ఇస్తే, "నాలుక తడిసేలోపే అయిపాయ" అని ఖాళీ గ్లాసులోకి చూసేవారు. ఆ చూపు నేను చూడలేకపోయాను.

ఏప్రిల్‌లో ఒక ఉదయం డయాలసిస్‌కు బస్సు వేళైనా ఆయన చొక్కా వేసుకోలేదు. అరుగు మీద గోడకానుకొని కూర్చున్నారు. "నేను రాను సులోచనా. గుక్కెడు నీళ్లకి కూడా నిన్నడగాల. ఇదీ ఒక బతుకేనా?" అన్నారు. బతిమాలి, కసిరి, చివరికి ఏడ్చి తీసుకుపోయాను. తిరిగొచ్చేటప్పుడు బస్సులో ఒకటే ఆలోచన. ఈ మనిషికి పొద్దున లేచేందుకు ఒక్కటైనా రుచి మిగలాలి. తాగేది గుక్కెడే అయితే, ఆ గుక్కలోనే లోటా కాఫీ అంత రుచి ఉండాలి.

అప్పుడు నీ మేనకోడలు అక్షత గుర్తొచ్చింది. బెంగళూరులో దాని వంటింట్లో ఎస్ప్రెసో మెషిన్ వాడకుండా మూల పడివుంది. మెత్తని పొడిని గట్టిగా అదిమి, వేడి నీళ్లను ఒత్తిడితో దాంట్లోంచి తోస్తుందట. వచ్చేది రెండు మూడు చెంచాలే, చిక్కగా ఉంటుంది. "అమ్మా, అది నాకే చేత కాలేదు, నీకెందుకు?" అంది. నువ్వు తెచ్చియ్యి, చేత కావడం సంగతి నేను చూసుకుంటాను అన్నాను.

మొదట మన ఫిల్టర్ పొడే వేశాను. నీళ్లు బొళబొళా దిగి, పులుసు నీళ్లలా వచ్చింది. మీ బావ ఒక చుక్క నాలుక మీద వేసుకొని, "కషాయమన్నా ఇంతకంటే బాగుంటాదే" అన్నారు. గింజలు మిక్సీలో వేశాను. కొంత రవ్వ, కొంత దుమ్ము అయింది. అక్షత చేత్తో తిప్పే మర పంపింది. మరీ మెత్తగా విసిరితే మెషిన్ మూలిగింది గాని చుక్క రాలలేదు. ఎంతోసేపటికి తారులాంటిది నాలుగు బొట్లు దిగింది. చేదు చెప్పనలవి కాదు. అన్నీ నేనే రుచి చూశాను. పాలూ చక్కెరా లేని కాఫీ ముఖం ఎన్నడూ చూడనిదాన్ని.

దిక్కుతోచక ఒకనాడు పొడీ మార్చాను, కొలతా మార్చాను, అదిమే బలమూ మార్చాను. ఏది చెడగొట్టిందో తెలియలేదు. అక్షత ఫోన్‌లో, "అమ్మా, ఒక మాటుకి ఒకటే మార్చు" అంది. ఆ మాట పట్టుకున్నాను. చిన్న తక్కెడలో గింజలు తూచి వేయడం, పొడిని వేలితో చదును చేసి వంకర లేకుండా అదమడం, మర మెత్తదనం మాత్రం కొంచెం కొంచెంగా మార్చి చూడడం. ఇంతలో మన బోరునీళ్ల ఉప్పు పేరుకొని మెషిన్ మొరాయించింది. నిమ్మ ఉప్పు కలిపిన నీళ్లతో కడిగి, ఫిల్టర్ నీళ్లు పోయడం మొదలుపెట్టాను. పాత గింజలు మానేసి, కాల్చిన తేదీ చూసి చిక్కమగళూరు గింజలు తెప్పించాను. కప్పును కూడా వేడినీళ్లలో ముంచి తీశాను. చల్లటి కప్పులో పడితే గుక్కెడు కాఫీ పెదవి చేరేలోపే చల్లారిపోతుంది.

మే నెలంతా ఇదే పని. చేతులు నొప్పి పుట్టాయి. ఇరుగుపొరుగు నవ్వారు. నవ్వనీ అనుకున్నాను.

పోయిన సోమవారం పొద్దున ధార సన్నగా, ఎలుక తోకలాగా, తేనెరంగులో దిగింది. పైన నురగ నిలిచింది. తీసుకుపోయి ఇచ్చాను. ఆయన మింగలేదు. నోట్లోనే పెట్టుకొని కళ్లు మూసుకున్నారు. తర్వాత మెల్లగా అన్నారు: "పులుపు ల్యా. చేదు ఉండాది గాని గొంతు పట్టుకోలా. చివర్న బెల్లం పాకం మాదిరి ఏందో వస్తాందే." ఆ రోజు నేను పిలవకముందే చొక్కా వేసుకొని, బస్సుకు నాకంటే ముందు వాకిట్లో నిలబడ్డారు.

ఇదీ నా మెషిన్ పిచ్చి. ఇంకా కోపముంటే వచ్చి తిట్టు. రూపకు, పిల్లలకు నా దీవెనలు.

నీ క్షేమం కోరే
అక్క సులోచన

తా.క.: అసలు సంగతి ఇప్పుడు రాస్తున్నాను. మీ బావకు నా కిడ్నీ ఇస్తున్నాను. బెంగళూరులో ముందే పరీక్షలన్నీ చేసి సరిపోతుందన్నారు. ఉగాదికి ముందునుంచీ అడుగుతున్నా ఆయన ఒప్పుకోలేదు. "నాకోసరం నిన్ను కోయిస్తానా? నాకింక దేనిమీదా ఆశ ల్యా" అనేవారు. సోమవారం సాయంత్రం డయాలసిస్ నుంచి వచ్చి పడుకున్నాక, "రేప్పొద్దున కూడా ఇట్లనే వస్తాదా?" అని అడిగారు. ఆయన నోట రేపు అనే మాట విని ఎన్ని నెలలయిందో. మంచం పక్కన కూర్చుని, రేపు కావాలంటే నేనిచ్చేది తీసుకోండి అన్నాను. గోడవైపు తిరిగి చాలాసేపు ఏడ్చారు. తర్వాత నా చేయి పట్టుకొని సరేనన్నారు.

వచ్చే నెలలో బెంగళూరులోనే ఆపరేషన్. నాకు భయం లేదని అనను. కాని నేను వెనక్కి తగ్గను, నువ్వు వద్దని చెప్పాలనుకుంటే ఆ మాట నీలోనే పెట్టుకో. ఇద్దరమూ లోపల ఉంటే బయట అక్షతకు తోడెవరుంటారని డాక్టరమ్మ అడిగింది. నా తమ్ముడుంటాడని చెప్పేశాను.