నీ లారీకి పెద్ద ఇంజను

దావీదన్నా,

నల్లపాడు రైలు గేటు దగ్గర నీ లారీ ఆగక, నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. పొద్దున నీ జ్ఞాపకార్థ కూడికలో చివరి పాట అవకముందే లేచి షెడ్డుకి వచ్చేశాను. వదిన ముఖం చూడలేకపోయాను.

ఆ లారీ మళ్లీ నా షెడ్డులోనే ఉంది. ఇప్పుడు సుబ్బారావు నడుపుతున్నాడు. అద్దంకి మిరపకాయల లోడు గుంటూరు యార్డుకి ముందు చేరితేనే ముందు దిగుమతి కదా. పోయిన వారం వచ్చి, "ఒరేయ్, చిన్న ఇంజను వద్దురా. ఆ టర్బో ఉన్న పెద్దదే ఎక్కించు. ఒక్క లారీ కూడా నన్ను దాటకూడదు" అన్నాడు.

నువ్వూ ఇలాగే అడిగితే, వేగం రావడానికి డీజిల్ పంపు పెంచాను. బ్రేకులు పాతవే ఉంచాను. ఆ సంగతి వదినకి ఇంతవరకూ చెప్పలేదు.

"బ్రేకులు కూడా మార్చాలి" అన్నాను.

"సీజను కానీరా, చూద్దాం" అన్నాడు. అచ్చం నీ మాటే. బ్రేకులు అలాగే ఉంచి పెద్దదే ఎక్కించాను.

ఇవాళ మధ్యాహ్నం సుబ్బారావు భార్య అతనికి క్యారేజీ తెచ్చింది. "అన్నయ్యా, ఈ ఇంజనుతో మా ఆయన తొందరగా ఇంటికొస్తాడా?" అని అడిగింది.

"వస్తాడమ్మా" అన్నాను.

నిరుడు వదినకీ అదే చెప్పాను.