ఆపినప్పుడు వినిపించే తేడా

బాండుంగ్,
మంగళవారం

ప్రియమైన తమ్ముడు యాయన్‌కి,

ఫోన్ చేయకుండా ఈ ఉత్తరమేమిటని ఆశ్చర్యపోకు. ఫోన్‌లో నీ మాట నాకు ముద్దముద్దగా వినిపిస్తోంది. ఎందుకో కింద రాస్తాను.

నువ్వు బాతామ్ హోటల్లో గిటార్‌కి తగిలించి కాలితో నొక్కే ఆ చవకబారు పసుప్పచ్చ పెడల్ పని అయిపోయింది, ఈ ఉత్తరంతో పాటే పంపిస్తున్నాను. పాత స్విచ్ పీకేసి తొమ్మిది కాళ్ళ స్విచ్ వేశాను. డబ్బాకి చిల్లు పెద్దది చేయాల్సొచ్చింది, చుట్టూ కాస్త రంగు లేచింది, తిట్టుకోకు. ఇన్నాళ్ళూ అది ఆపేసి ఉన్నా సరే, గిటార్ శబ్దాన్ని తన కడుపులోంచే పోనిచ్చి పైనున్న సన్నటి మెరుపంతా తాగేసేది. ఇప్పుడు ఆపితే శబ్దం దాన్ని తాకకుండా తిన్నగా పోతుంది. ట్రూ బైపాస్ అంటే ఇంతేనని వచ్చినవాళ్ళందరికీ నేను చెప్పేదే.

ఆ మెరుపు నాకిప్పుడు వినపడదు. వానల్లో వచ్చిన జ్వరం తగ్గింది గానీ, పోతూ పోతూ పైస్వరాలు పట్టుకుపోయింది. తిరిగి రావన్నాడు డాక్టరు. సరేనన్నాను. దారిలో బతాగోర్ కొనుక్కుని తిని, ఇంటికొచ్చి పనిలో కూర్చున్నాను. ఏడుపు రాలేదు. ఇప్పటికీ రావడం లేదు. మొద్దుబారిపోయాననుకుంటా. మీటరు పెట్టి తీగలు చూస్తాను, అన్నీ సరిగ్గానే ఉంటాయి. కుర్రాళ్ళు స్విచ్ నొక్కి చూసుకుని, "అబ్బ, ఎంత తేటగా ఉంది నందాంగన్నా" అంటారు. నేను తలాడిస్తాను. నాలుక మొద్దుబారినవాడు వంటలో ఉప్పు సరిచూసినట్టుంది నా పని.

అందుకే మానేస్తున్నాను. బల్ల, సోల్డరింగ్ ఐరన్, విడిభాగాలు చికాపుందుంగ్ బజారువాళ్ళకి అమ్మేస్తాను. సాక్సుల ఫ్యాక్టరీలో ప్యాకింగ్ పని చూసుకున్నాను. నీ పెడలే ఆఖరిది. మీ వదినకి చెవుల సంగతి తెలియదు, నువ్వూ చెప్పకు.

నీ అన్న,
నందాంగ్

*

బాతామ్

అన్నయ్యా,

నీ ఉత్తరం, పెడల్ అందాయి. ఒక నిజం చెప్తాను, కొట్టాలనిపిస్తే వచ్చినప్పుడు కొట్టు. నువ్వు మార్చిన పెడల్‌కీ మార్చనిదానికీ, ఆపినప్పుడు తేడా నాకెన్నడూ తెలియలేదు. మా బ్యాండులో ఇంకొకడి దగ్గర ఇలాంటిదే మార్చనిది ఉంది. రెండూ పక్కపక్కన పెట్టి, అందరి చేత కళ్ళు మూయించి వినిపించాను. ఒక్కడూ పోల్చుకోలేదు. మరి నేను అక్కడ నీ దగ్గరున్నన్నాళ్ళూ ఆహా ఓహో అన్నదెందుకంటే, స్విచ్ నొక్కగానే నీ మొహం వెలిగిపోయేది. అది చూసి అనేవాణ్ణి. ఆ కుర్రాళ్ళూ అంతే అయ్యుంటారు.

అందరూ వింటున్నారు, నేనే వినలేకపోతున్నానని బల్ల అమ్ముకోకు. విన్నవాడివి నువ్వొక్కడివే. రాశాక చూసుకుంటే ఇది ఓదార్పో కాదో నాకే అర్థం కావడం లేదు.

నీ తమ్ముడు,
యాయన్

*

బాండుంగ్

ఒరేయ్ యాయన్,

ఓదార్పు కాదురా. విన్నవాడు ఒక్కడే ఉండి, వాడికీ వినికిడి పోతే, ఇక ఆ తేడా ఉన్నట్టా, లేనట్టా? అన్నం సయించలేదు. ఏమైందని మీ వదిన ఇమాస్ నిలదీస్తే నీ ఉత్తరం చేతిలో పెట్టాను.

నా చెవుల సంగతి తనకి ముందే తెలుసట. పిలిస్తే పలకని మనిషితో ఒకే ఇంట్లో ఉంటోంది కదా. సర్దిన పెట్టెలోంచి మార్చిన పెడల్ ఒకటి, మార్చనిది ఒకటి తీయించి, తను గోడవైపు తిరిగి నిలబడింది. నేను రెండూ ఆపే ఉంచి, మార్చి మార్చి గిటార్‌కి తగిలించి వాయించాను.

"ఇది మీరు చేసింది. ఇది కాదు. ఇదీ కాదు, అదే మళ్ళీ పెట్టారు, మోసం చేయకండి."

ఒక్కటీ తప్పలేదు. తెర అవతల వంట చేసుకుంటూ ఇన్నేళ్ళూ వింటూనే ఉందట. బల్ల అమ్మడం లేదురా. ఇకమీదట తీగలు చూసుకునే పని నాది, వినే పని తనది.

మరి ఇంతకాలం చెప్పలేదేమని అడిగాను.

"గుమ్మంలోకొచ్చిన ప్రతివాణ్ణీ ఎలా ఉందని అడిగారు. నన్నెప్పుడైనా అడిగారా?" అంది, కోపం కూడా లేకుండా.

జ్వరం తగ్గాక మొదటిసారి ఏడ్చాను.

నీ అన్న,
నందాంగ్