మేవిస్ మాట నమ్మకండి

దక్షిణ ఆస్ట్రేలియా, మూంటా ఊరి కాపురస్తుడైన, ధాన్యం గోదాముల్లో నలభై ఏళ్లు బస్తాలు మోసిన క్లెమెంట్ ట్రెగెన్జా అనే నేను, ఎనభై ఆరేళ్ల వయసులో, స్థిరబుద్ధితో, ఎవరి ప్రోద్బలమూ లేకుండా రాస్తున్న వీలునామా ఇది. గుండె సగమే పనిచేస్తోందని డాక్టరు చెప్పాడు. బుద్ధి మొత్తం పనిచేస్తోంది. ఒక్కరోజు మాత్రం పనిచేయలేదు. ఆ సంగతి నాలుగో అంశంలో ఉంది.

1. నా కూతురు జనైన్‌ను ఈ వీలునామాకు అమలుదారుగా నియమిస్తున్నాను. ఇక్కడికి మూడు గంటల దూరంలో, వైయల్లాలో స్కూలు బస్సు నడుపుతుంది. మొండిది, నా పోలికే. నా భార్య మేవిస్ బతికున్నంతకాలం ఈ ఇంట్లో ఉండే హక్కు ఆమెది. ఇల్లు అమ్మరాదు, అద్దెకివ్వరాదు, ఆమెను కదల్చరాదు. ఆమె తదనంతరం ఇల్లు సర్వహక్కులతో జనైన్‌కు చెందుతుంది. జనైన్, "అమ్మని వృద్ధుల హోమ్‌లో పెట్టెయ్ నాన్నా, నువ్వు చచ్చిపోతున్నావు" అని క్రిస్మస్‌కు అన్నావు. నిజమే అన్నావు. అయినా ఆ మాట ఇంకా గుచ్చుకుంటూనే ఉంది. ఆ హోమ్ అడిలైడ్ అవతల ఉంది. అరవై రెండేళ్లుగా ఒకే కిటికీలోంచి బయటికి చూసిన మనిషిని అక్కడ వదిలితే వారం తిరక్కుండా పోతుంది.

2. పక్కింటి డడ్లీ పాస్కోకు నా గడ్డి కోసే మిషను. ఆరేళ్ల కిందట అరువు తీసుకున్నది ఇంకా వాడి షెడ్డులోనే ఉంది గనుక చేరవేసే శ్రమ లేదు. మోకాలు నొప్పి అంటూ డడ్లీ ఊరంతా వినేలా ఏడ్చాడు. నాలుగు నెలల్లో ప్రభుత్వం వాడి ఇంటికి సాయానికి మనిషిని పంపింది. క్లబ్బులో వాడి ఏడుపును వెక్కిరించి అందరినీ నవ్వించింది నేనే. అడగందే అమ్మయినా పెట్టదంటారు. వాడు అడిగాడు, నేను అడగలేదు. వాడి మీద నా కోపం ఇందుమూలంగా రద్దు.

3. ప్రభుత్వం పంపితే మా ఇంటికి వచ్చే మనిషికి, ఆమె ఎవరైనా సరే, స్నానాలగదిలో నేను చేసిపెట్టిన పీట, మేవిస్ ఎర్ర దువ్వెన. "పేరు లేని మనిషికి ఆస్తి రాయకూడదు క్లెమ్ గారూ" అన్నాడు లాయరు. రాశాను. అమ్మా, నీళ్లు ముందు నీ మోచేతి మీద పోసుకుని చూడు. చొక్కా తొడిగేటప్పుడు కుడి చేయి ముందు, అది చచ్చుబడిన చేయి. ముద్ద ఎడమ దవడ వైపు పెట్టు. మాంసం, కూరముక్కలు పిండిలో చుట్టి కాల్చే పేస్టీలో టర్నిప్ ఉండాలి, క్యారెట్ వేస్తే ఉమ్మేస్తుంది. దువ్వేటప్పుడు ఏదైనా పాడు. గొంతు బాగోకపోయినా పరవాలేదు, నాదీ బాగోదు.

4. మేవిస్‌కు పక్షవాతం వచ్చి మూడేళ్లు. ఉన్న మాటలన్నీ పోయి ఒక్కటే మిగిలింది: "మాకేం, బాగానే ఉన్నాం." ఆకలేసినా అదే, పక్క తడిసినా అదే, కళ్లమ్మట నీళ్లు కారుతున్నా అదే.

కిందటేడాది మార్చిలో మా అవసరం ఎంతో చూసి రాసుకోవడానికి ప్రభుత్వం తరఫున ఒకమ్మాయి వచ్చింది. మా వైపు ఇంటికి మనిషి వస్తే కష్టం కనపడనివ్వకూడదు, అది మర్యాద. ముందురోజంతా నేల తుడిచాను. తడి దుప్పట్లు షెడ్డులో దాచాను. మేవిస్‌కు చర్చి గౌను తొడిగాను. పేస్టీలు చేశాను.

"స్నానం ఎలా సాగుతోందండీ?" అని అడిగింది ఆ అమ్మాయి. "మాకేం, బాగానే ఉన్నాం" అంది మేవిస్. "మంచం దిగడం?" "మాకేం, బాగానే ఉన్నాం." అప్పుడు ఆ అమ్మాయి నా వైపు తిరిగింది.

చెప్పాల్సింది అప్పుడే. రోజుకు తొమ్మిదిసార్లు ఈ మనిషిని ఎత్తుతున్నానని చెప్పాల్సింది. ఇద్దరం కలిసి స్నానాలగదిలో పడ్డామని, లేవలేక పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా తడినేల మీదే ఉన్నామని, డడ్లీ వచ్చి లేపాడని చెప్పాల్సింది. ఎవరికీ చెప్పొద్దని వాడి చేత ఒట్టేయించుకున్నాను. పాపం, చెప్పలేదు.

"నడుస్తోందిలేమ్మా" అన్నాను. ఆమె అదే రాసుకుంది. రెండు పేస్టీలు తిని, చాలా బాగున్నాయంది.

సాయం మంజూరైందని, తొందర లేనివాళ్ల వరసలో పెట్టామని ఉత్తరం వచ్చింది. ఆ అమ్మాయి వచ్చి వెళ్లి పద్నాలుగు నెలలైంది. ఫోను చేస్తే "మీరు వరసలో ఉన్నారు సార్" అంటారు. మళ్లీ వచ్చి చూడమని బతిమాలాను. అక్టోబరులో వస్తారట. అక్టోబరు దాకా నేను ఉండను.

నాకు భయంగా ఉంది. చావంటే కాదు. నేను వంటింట్లో పడిపోయి ఉన్నప్పుడు ఎవరో తలుపు దగ్గర నిలబడి ఎలా ఉన్నారని అడిగితే, ఆమె ఏం చెబుతుందో నాకు తెలుసు. వాళ్లు సరేనని వెళ్లిపోతారు.

5. జనైన్‌కు, అక్టోబరులో మళ్లీ చూసి రాసుకోవడానికి మనిషి వచ్చే రోజున అమ్మ పక్కనున్న నా కుర్చీ. ఆ రోజు నేల తుడవకు. పేస్టీలు చేయకు. దుప్పట్లు ఎక్కడివక్కడే ఉండనీ. అమ్మ ఆ మాట అన్న ప్రతిసారీ "అది అబద్ధమండీ" అని చెప్పు. మన మర్యాద పోతుంది. పోనీ. ఇల్లు కాక నీకివ్వడానికి నా దగ్గర ఉన్నది ఈ ఒక్క పనే.

6. మేవిస్‌కు నా నీలం స్వెట్టరు, ఉతక్కుండా. ఇదంతా ఆమెకు చదివి వినిపించాను. అదే మాట అంది. కానీ బాగున్న చేత్తో నా కుడి చేయి పట్టుకుంది, ఇంకా వదల్లేదు. లాక్కోబుద్ధి కావడం లేదు. అందుచేత ఈ చివరి నాలుగు ముక్కలూ, సంతకమూ ఎడమ చేత్తో చేస్తున్నాను. కోర్టువారు అనుమానపడవద్దు.

మూంటా, 14 మే 2025.

(సంతకం) క్లెమెంట్ ట్రెగెన్జా

సాక్షుల వాంగ్మూలం: పై సంతకం ఎడమ చేత్తో చేయగా ఇద్దరం కళ్లారా చూశాము. వెళ్లబోతూ, ఎలా ఉన్నారని అలవాటుకొద్దీ అడిగాము. బాగానే ఉన్నామని భార్యాభర్తలిద్దరూ ఒకేసారి చెప్పారు.

1. రోండా కెంప్, ఉత్తరాలు పంచే ఉద్యోగి
2. హెడ్లీ గ్రోస్, మందుల షాపు