నీ కొంగుముడిలోని ఎర్ర గోళీలు

పట్టా లేని డాక్టరమ్మ, మా నానమ్మ అయిన అవ్వగారి సముఖానికి మనుమడు చేసుకుంటున్న ఫిర్యాదు.

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. నీ పేరు మీద వండిన గారెలు పట్టుకుని మన నెల్లికుదురులో, వెనక వాడకట్టులో ఉండే నీ దోస్తు కరీమా చాచీ దగ్గరికి వెళ్లాను. మొన్ననే ఆమెకూ గుండెకు వాల్వు మార్చారు. నీకిచ్చినట్టే రక్తం పలచబడే గోళీలు రాశారు.

"మోకాళ్లు గుంజుతున్నయ్ బిడ్డా. మీ అవ్వ మందు ఏస్కుంట," అంటూ చాచీ కొంగుముడి విప్పింది. లోపల రెండు ఎర్ర నొప్పిగోళీలు. పత్తి ఏరే చేలో ఛాయ్‌తో పాటు అందరికీ నువ్వు పంచినవే.

నేను ఆమె చెయ్యి పట్టుకుని ఆపాను.

"వద్దు చాచీ! గుండె గోళీలతోని ఇవి కలిస్తే కడుపుల రక్తం కారుతది. అవ్వ గట్లనే పోయింది."

"మరి మీ అవ్వ కల్లు పడలేదన్నదేంది?"

"దొడ్డికి నల్లగ పోతుంటే తను గట్లనే అనుకున్నది. అది రక్తమని తెల్వక మనం నవ్వినం. నొప్పికి ఏది ఏస్కోవాల్నో రేపు డాక్టర్‌నే అడుగుదాం."

చాచీ చాలాసేపు పిడికిలి తెరవలేదు. "మీ అవ్వ చేతితోని ఇచ్చిన ఆఖరి చీజురా," అంది. తర్వాత నా అరచేతిలో పెట్టింది. వాటికి ఇంకా నీ పొగాకు వాసనే.

అవ్వా, నువ్వు పోయినా నీ దవాఖాన మూతపడలేదు. ఇంకా ఎందరి కొంగుల్లో ఉన్నావో తెలియదు. రేపు పొద్దున్నే చేనుకు వెళ్తున్నాను, నిన్ను ముడి ముడికీ వెతకడానికి.