కట్ చెప్పాక

ఫిబ్రవరి 3

డిప్లొమా ఫిల్మ్‌కి డైరెక్టర్స్ నోట్ రాయాలట. నీ ఇన్‌స్పిరేషన్ ఏమిటి, నీ మీద ఎవరి ప్రభావం ఉంది, రెండు పేజీలు. క్లాసంతా పోటీలు పడి నోరు తిరగని పేర్లు రాస్తున్నారు. నేను ఒక్క లైను రాశాను. మా పెద్దమ్మ, ఆవిడ బ్యూటీ పార్లర్.

కత్తెర సార్ చదివి నవ్వారు. మాకు ఎడిటింగ్ చెబుతారు కాబట్టి ఆ పేరు. నా ఖర్మ కొద్దీ నా ఫిల్మ్‌కి గైడూ ఆయనే. ఇది ఫిల్మ్ స్కూలమ్మా, చుట్టాల ఆల్బమ్ కాదు అన్నారు. ఒళ్ళు మండింది. ఒక్క అక్షరం మార్చలేదు.

ఫిబ్రవరి 5

అయినా ఆయన చెప్పే మాట ఒకటి నాకు తెగ నచ్చుతుంది. కళాకారుడు దొంగ, అడిగి తీసుకునేవాడు గుమాస్తా. పెద్ద అక్షరాలతో రాసి గోడకి అంటించుకున్నాను.

ఫిబ్రవరి 9, ఆదివారం, సాయంత్రం

షూటింగ్ అయింది. అయిందంటే అయింది.

కథ చిన్నదే. పార్లర్ మూసేస్తున్న రోజు ఓనరు ఆఖరి కస్టమర్ని పంపించేసి ఒంటరిగా కూర్చుంటుంది. పెద్దమ్మ పార్లర్లోనే తీశాం, ఓనరూ పెద్దమ్మే. మేకప్ నాదే, నువ్వు వేలు పెట్టావంటే ఊరుకోను అని ముందే చెప్పేసింది. అరవై దాటాయి. జుట్టుకి రంగు, పెదాలకి రంగు, నడకలో టెక్కు. ఎవరైనా వయసడిగితే వాళ్ళకి ఆ రోజు ఫేషియల్ చెయ్యదు.

కెమెరా ముందు మాత్రం సీరియల్ పూనింది. గుండె మీద చెయ్యి, నిట్టూర్పు, పైకప్పు వైపు చూపు. పెద్దమ్మా, ఊరికే కూర్చోవే అని ఎన్నిసార్లు బతిమాలానో. ఊరికే కూర్చోడానికి నేనెందుకు, కుర్చీని తీసుకో అంది. చివరికి విసుగొచ్చి కట్ అని అరిచి బయటికి వెళ్ళిపోయాను.

ఫిబ్రవరి 10

నిన్నటి ఫుటేజీ చూసి నేరుగా డైరీ దగ్గరికే వచ్చాను. రాస్తాను.

నా కెమెరామన్‌ని మేమంతా బ్యాటరీ అంటాం. వాడు నిన్న నేను కట్ చెప్పాక కెమెరా ఆపడం మర్చిపోయి నా వెనకే టీకి వచ్చేశాడు. యాక్టర్లు మాటిమాటికీ అటు చూస్తారని రికార్డింగ్ ఎర్ర లైటు మీద నల్ల టేపు అంటిస్తాం. అందుకని పెద్దమ్మకి తెలిసే దారే లేదు.

ఆ షాట్‌లో ఏముందంటే. పెద్దమ్మ అటూ ఇటూ చూసింది. నోట్లో వేలు పెట్టి పై వరస పళ్ళు మొత్తం ఊడదీసింది. కట్టుడు పళ్ళు! నాకే తెలియదు, అమ్మకీ తెలియదనుకుంటాను. వాటిని అరచేతిలో పెట్టుకుని చిగుళ్ళు రుద్దుకుంటూ అద్దంలోకి చూస్తూ ఉండిపోయింది. పెదవి లోపలికి పోయింది, బుగ్గలు జారిపోయాయి. ఇంకెవరో ముసలావిడ, బాగా అలిసిపోయి ఉంది.

జాలేసిందని రాస్తే అబద్ధం. ఎగిరి గంతేశాను.

ఫిబ్రవరి 12

కత్తెర సార్ చూశారు. లేచి నిలబడి చూశారు. ఇదమ్మా సినిమా అంటే, మిగతాదంతా బోడి యాక్టింగ్ అన్నారు. స్కూలు తరఫున ఫెస్టివల్‌కి పంపేది ఒక్క సినిమానే, అది నాదే అన్నారు. మూడేళ్ళలో ఆయన నన్ను మెచ్చుకోవడం ఇదే మొదలు. ఆవిడకి చెప్పకు, నటించడానికి ఒప్పుకుంటూ కాగితం మీద సంతకం ఎలాగూ పెట్టింది కదా అని గొంతు తగ్గించారు.

ఫిబ్రవరి 13

హాయిగా నిద్ర పట్టింది. భయమేసింది దానికే.

ఫిబ్రవరి 15

చూపించేశాను. పార్లర్లో కస్టమర్లు లేనప్పుడు లాప్‌టాప్ తెరిచి ముందు పెట్టాను. చివరిదాకా చూసి మూత వేసింది.

ఆ తర్వాత నన్ను కడిగి పారేసింది. పెళ్ళైన కొత్తలో స్కూటర్ మీంచి పడి పళ్ళు పోయాయట. మీ పెద్దనాన్న పోయేదాకా ఒక్కసారి కూడా ఆయనకి ఈ మొహం చూపించలేదే, లైటు ఆర్పాకే తీసేదాన్ని, పొద్దున్న ఆయన లేవకముందే పెట్టుకునేదాన్ని, నువ్వు టిక్కెట్టు పెట్టి లోకానికి చూపిస్తావా దొంగమొహమా అంది.

నేనూ తగ్గలేదు. ఇదే నిజం పెద్దమ్మా, ఇందులో ఎంత అందముందో నీకు తెలియదు అన్నాను. అందం గురించి నాకు చెప్పకు అంది. నన్ను అడిగి ఉండొచ్చుగా అంది. అడిగితే ఒప్పుకునేదానివి కాదుగా అన్నాను.

మరదే కదా నేను చెప్పేది అంది. లాప్‌టాప్ సంచీలో పెట్టుకుని వచ్చేశాను.

ఫిబ్రవరి 16

పొద్దున్నంతా ఆవిడ మీద కోపం. నా కెరీర్, నా ఫెస్టివల్, ఒక్క షాట్‌కి ఇంత రాద్ధాంతమా? గోడ మీద కాగితం చూశాను. దొంగ గొప్పతనం గురించి ఉంది, గుమాస్తా గురించి ఉంది. ఎవరి ఇంట్లో దొంగతనం జరిగిందో వాళ్ళ ఊసే లేదు. చింపి అవతల పారేశాను.

ఫిబ్రవరి 17

ఆ షాట్ తీసేస్తున్నాను సార్ అని చెప్పాను. ఎడిటింగ్ రూం దద్దరిల్లింది. ఇంత సెంటిమెంట్ ఉన్నదానివి సినిమాలెందుకు, పోయి పార్లర్లో పని చూసుకో అన్నారు. అక్కడ కనీసం ముందు అద్దం పెట్టి, ఆ తర్వాతే మొహం మీద చెయ్యి వేస్తారు సార్ అన్నాను. నా నోట్లోంచే వచ్చిందా ఆ మాట! భలే వచ్చింది.

డిలీట్ చేశాను. బ్యాకప్ కూడా. బ్యాటరీ లబోదిబోమన్నాడు గానీ తన కాపీ తనే తుడిచేశాడు. ఫోన్ చేసి పెద్దమ్మకి చెప్పాను. ఊఁ అని పెట్టేసింది.

ఫిబ్రవరి 21

పెద్దమ్మ ఫోన్. ఆదివారం కెమెరా పట్టుకుని రావాలట. ఎందుకే అంటే, రమ్మన్నాను రా, ప్రశ్నలెందుకు అని కసిరింది.

ఫిబ్రవరి 23, ఆదివారం

వెళ్ళగానే ఆ నల్ల టేపు పీకెయ్ అంది. ఎర్ర లైటు తనకి కనబడాలట. అద్దం వైపు కాకుండా కెమెరా వైపు కుర్చీ తిప్పుకుంది. జుట్టు సర్దుకుంది, లిప్‌స్టిక్ తుడిచేసుకుంది. లైటు వెలిగేదాకా ఆగి, సూటిగా లెన్స్‌లోకి చూస్తూ పళ్ళు తీసింది. అలా చూస్తూనే ఉంది. నేను కట్ చెప్పలేకపోయాను. కాసేపటికి ఆవిడే చెప్పింది.

పళ్ళు లేవు కదా, అదోలా వినిపించింది. ఇద్దరం పడీ పడీ నవ్వాం.

ఫిబ్రవరి 25

కొత్త షాట్ చూపిస్తే, అది జీవితం, ఇది డ్రామా అన్నారు కత్తెర సార్. పైగా లెన్స్‌లోకి చూస్తోందట, అది తప్పట. ఫెస్టివల్‌కి వేరేవాళ్ళ సినిమా వెళ్తోంది. ఏడ్చాను. ఎందుకు ఏడవను? ఏడ్చి, మొహం కడుక్కుని వచ్చి ఆ షాట్‌ని ఇంకాస్త పొడిగించాను.

మార్చి 1

స్క్రీనింగ్. ఆ షాట్ వచ్చేసరికి హాలంతా తలలు దించుకుంది. ముందు వరసలో కత్తెర సార్ కూడా. నేనూ. పక్క సీట్లో పెద్దమ్మ ఒక్కతే కన్నార్పకుండా చూసింది.

బయటికొచ్చాక, లైటింగ్ మరీ దరిద్రంగా ఉందే అంది.