పద్నాలుగు డెసిలీటర్ల పిండి

టోర్బెన్, నేను షిఫ్టుకి పోతున్నా. బన్నుల పిండి నువ్వే కలపాలి. ఇవాళ అమ్మ పుట్టినరోజు. ఆమె లేకపోయినా ఆమె బన్నులు ఉండాలని నాన్న మూడింటికి వస్తాడు.

అమ్మ కాగితంలో పద్నాలుగు డెసిలీటర్ల పిండి అని ఉంది. అంటే పద్నాలుగు వందల గ్రాములు కాదు మహానుభావా! డెసిలీటరు పాలైతే వంద గ్రాములు, పిండైతే అరవయ్యే. తూస్తే ఎనిమిది వందల నలభై. అంతకు మించి చెంచాడు వేశావో, చూడు మరి.

మా స్వీడన్‌లో అందరిలా కొలత కప్పుతో కొలవమంటే, "కుక్కి కొలవాలా, వదులుగానా?" అని అరగంట నా బుర్ర తిన్నావు. మీ డెన్మార్క్ వాళ్ళకి త్రాసు లేనిదే చెయ్యాడదు. అందుకే ఈ లెక్క.

శనివారం నువ్వు చేసినవి రేవులో సీగల్ పక్షులు కూడా ముట్టలేదు. అవి చెప్పులు సైతం వదలవు!

యాలకులు మాత్రం తూచకు. పోయినసారి వేసినట్టే చేతికొచ్చినన్ని వెయ్యి.

గునెల్

మరిచా. శనివారం నువ్వు చేసిన ఆ రాళ్ళలో ఒకటి నాన్న జేబులో వేసుకెళ్ళాడు. కొరుకుడు పడలేదట. వాసన మాత్రం అచ్చం అమ్మ వంటిల్లేనట.