గున్నమ్మ ఇంట్లో రెండు మూటలు

అరసవల్లి,
25-1-68

ఉప్పునీళ్ళ నడుమ ఒంటరిగా వండుకు తింటున్న మా వారికి,

మీ తాయారు ముందు ఒక నవ్వు, ఆ తరవాత నమస్కారం.

మూడు నెలలు ఉండేలా రమ్మని రాశారు, సంతోషం. సామాను ఒక్క ట్రంకుపెట్టెకు మించకూడదన్నారు. ఆ దీవుల్లో పట్టుచీరలకు బూజు పడుతుంది, తోలుచెప్పులు కుళ్ళిపోతాయి, నూలుబట్టలూ గొడుగూ దోమతెరా ఉంటే చాలన్నారు. రాయడానికేం, బాగానే రాశారు. ఆ మాట ఇక్కడికొచ్చి మీ అమ్మగారితో అనండి చూద్దాం! నేను చీర సర్ది ఇటు తిరిగేసరికి అత్తయ్య దాని మీద చింతపండు ముద్ద పెడతారు. అది తీసేలోపు చోడిపిండి వస్తుంది. అక్కడా కొట్లున్నాయి అత్తయ్యా అంటే, "ఎవులు సెప్పినార్నీకు? నువ్వెళ్ళి సూసొచ్చినావేటి?" అని నా మీదకే వస్తారు. పక్కింటి గున్నమ్మ అయితే అక్కడి మిల్లులో పనిచేసే వాళ్ళ తమ్ముడికని మామిడితాండ్ర పట్టుకొచ్చింది. నేను ప్రయాణానికి వెళుతున్నానో, కిరాణాకొట్టు పెట్టడానికి వెళుతున్నానో నాకే తెలియడం లేదు.

అయినా నేను దొంగతనంగా కొన్ని సర్దుకున్నాను. నీలం వాయిలు చీర, వెన్నెట్లో కూర్చోవడానికి ఈతచాప, ఆడుకోవడానికి గవ్వలు. ఇద్దరాడే ఆటకే లెండి. నవ్వకండి. మన పెళ్ళయి ఆరేళ్ళు. మీరు సెలవుకి వచ్చినప్పుడల్లా ఇంటినిండా జనం. మీతో ఒక మాట చెప్పాలంటే నూతి దగ్గర బిందె చప్పుడు చాటున చెప్పాను. "ఇంకా పిల్లల్లేరేటే" అని అడిగేవాళ్ళకు, మొగుడు సముద్రంలో ఉంటే ఎలా అని ఎదురడగలేక తలొంచుకున్నాను. ఈ మూడు నెలలూ మీరూ నేనూ, అంతే. నాకు ఇంకేమీ వద్దు. ఎదురుగా ఉంటే ఇంత సిగ్గులేకుండా చెప్పలేను కాబట్టి రాస్తున్నాను.

మీ
తాయారు


అరసవల్లి,
1-2-68

శ్రీ నరసింగరావు గారికి,

ఈసారి నవ్వు లేదు, నమస్కారం ఒక్కటే.

మీ ఆఫీసు జగన్నాధం గారు, ఆయన భార్య సెలవు ముగించుకుని ఓడెక్కుతున్నారు కదా, వాళ్ళతో శనివారం బయల్దేరమన్నారు మీరు. తూర్పుకి శనివారం శూల, ఆ రోజు అటు బయల్దేరకూడదని అత్తయ్య పట్టు. సరే, మంచి ఘడియలో ప్రస్థానం పెడదామన్నారు. ముందుగా బట్టల మూట గడప దాటించి వేరే ఇంట్లో ఉంచితే ఆ మనిషి బయల్దేరినట్టే. ఆ మూట మళ్ళీ ఇంట్లోకి రాకూడదు. నిన్న బుధవారం నా మూట గున్నమ్మ ఇంటికి పట్టుకెళ్ళాను. అక్కడ గూట్లో అప్పటికే ఇంకో మూట ఉంది!

"మీ అత్తదేనే. నీకన్నా ముందే ఎట్టేసి ఎల్లిపోనాది" అంది గున్నమ్మ.

విప్పి చూశాను. రెండు నేత చీరలు, కంబళి, ఆవిడ రాగిచెంబు. ఇన్నాళ్ళూ "ఓడలో వాంతులవుతాయంటావేటే?" అని అడుగుతుంటే నా కోసం బెంగ పెట్టుకున్నారనుకున్నాను. ఎంత పిచ్చిదాన్ని! ఆవిడకీ టిక్కెట్టు తీశారన్నమాట. ఆ ముక్క నాకు రాయడానికి మీకు నోరు రాలేదా, చెయ్యి రాలేదా? అత్తయ్య మీద నాకు కోపం లేదు. అబద్ధం, ఉంది. మీ మీద ఇంకా ఎక్కువ ఉంది. నిన్నట్నుంచి ఆవిడతో మాట్లాడటం మానేశాను. అడిగిన వాటికి తలూపుతున్నాను, అంతే. నీలం చీర పెట్టెలోంచి తీసేశాను. గవ్వలూ తీసేశాను. ఆ చోట్లో ఇంకో వీశెడు చింతపండు పట్టింది. మీ తల్లీకొడుకులు హాయిగా పులుసు కాచుకోండి.

తాయారు


మద్రాసు,
5-2-68

నా మీద అలిగే హక్కు ఇప్పుడు పూర్తిగా ఉన్న మా వారికి,

రేపే ఓడ. నేనూ ఈ ఉత్తరమూ కలిసే వస్తాం. అయినా రాస్తున్నాను. దీన్ని మీ చేతిలో పెట్టి నేను లోపలికి పారిపోతాను, మీరు అక్కడే నిలబడి చదువుకోండి.

శనివారం స్టేషనుకి అత్తయ్య వచ్చారు. చేతిలో నా మూట తప్ప ఇంకేమీ లేదు. బండి వచ్చింది. జగన్నాధం గారు నన్ను ఎక్కించారు. ఆవిడ ప్లాట్‌ఫారం మీదే నిలబడిపోయారు.

"మీరెక్కరేం అత్తయ్యా? మీ మూటేదీ?" అన్నాను. మూడ్రోజుల తరవాత అదే నా మొదటి మాట.

"నానెక్కడికే ఎక్కీది? నా మూట గున్నమ్మింట్లోనే ఉన్నాది. రేపు గరివిడెల్తన్నాను, పద్మకుమారింటికి. పడమటికి ఆదివారం శూలని నాదీ ఎట్టినాను."

మీ చెల్లెలింటికి! మరి ముందే చెప్పలేదేమని అడిగాను.

"సెప్దామనే సూసినాను. నువ్వు మూతి ముడుసుకు తిరిగితే గోడకి సెప్పీదా? నానొక్కదాన్నీ ఇంట్లో ఉంటే, అత్తకి ఒంట్లో బాగోలేదని ఎవులో ఒక ఉత్తరం ముక్క రాత్తారు, నువ్వు నెల్లోపే పరిగెట్టుకొచ్చేత్తావు. అందుకే ఇల్లు తాళమేసి పోతన్నాను. నువ్వుండు, నీకు నచ్చినన్నాళ్ళుండు."

కిటికీలోంచి ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. బండి కూత వేసింది. ఆవిడ నా చెయ్యి వదల్లేదు.

"మీ మావతో ఒక్కపాలైనా ఇద్దరమే ఊరెళ్దామని ఉండీదే నాకు. ఏ ఊరెళ్ళినా బండిలో మా అత్త ముందు కూకునీది. ఆవిడ పోయేసరికి మీ మావకి నడకే పోనాది."

అంతలో బండి కదిలింది. తుని దాటేదాకా నేను ఏడుస్తూనే ఉన్నాను. జగన్నాధం గారి భార్య పుట్టింటి బెంగ అనుకుని బత్తాయి వలిచి పెట్టింది. తిన్నాను కూడా.

పెట్టె తెరిచి చూసుకుంటే నాకే సిగ్గేసింది. అన్నీ చింతపండూ పాతచీరలే. ఇక్కడ మద్రాసులో ఒక కొత్త చీర కొనుక్కున్నాను, రంగు ఇప్పుడు చెప్పను. నిన్న గరివిడికి కార్డు కూడా రాశాను, చివరి నెల ఆవిడ మనతో ఉండాలని, రానంటే ఊరుకోనని. జగన్నాధం గారి తోడల్లుడు ఏప్రిల్లో వస్తున్నారట, ఆయన వెంట పంపించవచ్చు.

కాబట్టి అత్తయ్యకు ఏప్రిల్ ఓడకి టిక్కెట్టు తీయండి. సముద్రం చూడని మనిషి కాదు గానీ, సముద్రం దాటని మనిషి. మంచి గాలి తగిలే గది ఆవిడకే ఇద్దాం.

అంతవరకూ మాత్రం, మీ ఆఫీసు దొర వచ్చి పిలిచినా సరే, నేను తలుపు తియ్యను.

మీ, అచ్చంగా మీ,
తాయారు